వెతుక్కునే కాలం కూడా హక్కే

(డిగ్రీ చదివిన యువతుల ఉపాధి సమస్యలపై మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిబిరానికి వచ్చిన మీలో ఎక్కువమంది ఊళ్ళల్లో, బస్తీల్లో స్త్రీలతో కలిసి పనిచేస్తున్నవాళ్ళు. కూలిరేట్లు, భూమి, గృహహింస, పింఛన్లు - వీటి సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. నిర్వాహకులు నన్ను మాట్లాడమన్నది వీటికి కాస్త పక్కగా ఉండే విషయం. కాలేజీ చదువు అయిపోయిన ఆడపిల్ల తన మొదటి ఉద్యోగం కోసం వెతుక్కుంటుందే, ఆ కాలం గురించి. 'ఇది పేపర్లలో చదువుల పేజీవాళ్ళు రాసుకునే సంగతి కదా, హక్కులకీ దీనికీ ఏమిటి సంబంధం' అని కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉందని నా అభిప్రాయం. అదేమిటో ముందు చెప్పి, తర్వాత ఈ వెతుకులాటలో పనికొచ్చిన ఉపాయాలు కొన్ని మీ ముందు పెడతాను.

మన ఇళ్ళల్లో వాడే మాటలు ఒకసారి గమనించండి. డిగ్రీ పూర్తయిన కొడుక్కి ఇంకా ఉద్యోగం రాకపోతే 'ప్రయత్నాలు చేస్తున్నాడు' అంటాం. అప్పు చేసైనా హైదరాబాదు అశోక్‌నగర్‌లో గది చూసి కోచింగులో చేర్పిస్తాం. రెండేళ్ళయినా, మూడేళ్ళయినా 'వచ్చే నోటిఫికేషన్‌లో కొడతాడులెండి' అని చుట్టాలకి చెప్పుకుంటాం. అదే డిగ్రీ, అవే మార్కులు ఉన్న కూతురు ఇంట్లో ఉంటే 'ఖాళీగా ఉంది' అంటాం. ఆ పిల్ల తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి, వంటకి అందించి, తమ్ముడికి క్యారేజీ కట్టి, నాయనమ్మకి మందులిచ్చి, మధ్యాహ్నం ఒంటిగంటకి పేపరు చేతిలోకి తీసుకుంటుంది. అయినా ఆమె ఖాళీగానే ఉంది! 'ఖాళీగా ఉంది' అన్న మాట వెనకాలే 'సంబంధాలు చూస్తున్నాం' అన్న మాట వస్తుంది.

అంటే కొడుక్కి వెతుక్కునే కాలం అడక్కుండానే దక్కుతోంది. కూతురికి అది దయతలచి ఇచ్చినట్టు, ఆరునెలలో ఏడాదో గడువు పెట్టి దక్కుతోంది. ఉద్యోగం దొరకడం దొరక్కపోవడం మార్కుల మీద ఎంత ఆధారపడుతుందో, ఎంతకాలం వెతకగలిగారన్నదాని మీద కూడా అంతే ఆధారపడుతుంది. మొదటి ఉద్యోగం ఎవరికీ మొదటి దరఖాస్తుకే రాదు. నలభై చోట్ల లేదనిపించుకున్న తర్వాత నలభై ఒకటో చోట దొరికేదాన్ని, పదో చోటే ఆపించేస్తే ఎక్కడ దొరుకుతుంది? అందుకే వెతుక్కునే కాలాన్ని కూడా మనం హక్కుగా అడగాలంటున్నాను.

ఇందులో ఇంకో నష్టం ఉంది. జాతీయ గణాంక కార్యాలయం 2017 నుంచి శ్రామికశక్తి సర్వే జరుపుతోంది. ఆ సర్వేలో, పని లేకపోయినా పని కోసం వెతుకుతున్నవాళ్ళనీ, దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళనీ నిరుద్యోగులుగా లెక్కిస్తారు. వాళ్ళు శ్రామికశక్తిలో భాగమే. ఇంటిపని మాత్రమే చేస్తున్నవాళ్ళకి వేరే అంకె ఉంది, 92. ఆ అంకె పడిందంటే ఆమె శ్రామికశక్తికి బయట ఉన్నట్టు లెక్క. బీకాం చదివి, పది నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి, ఇంట్లోవాళ్ళు ఆపేస్తే ఆగిపోయిన అమ్మాయి ఈ విధంగా నిరుద్యోగుల జాబితాలోంచి కూడా జారిపోతుంది. ఆమెకి ఉద్యోగం రాలేదన్న సంగతి ఏ లెక్కలోనూ ఉండదు. లెక్కలో లేనివాళ్ళ కోసం ఏ ప్రభుత్వమూ పథకం వెయ్యదు. కాబట్టి ఒక అమ్మాయి వెతకడం మానకుండా ఉండటం ఆమె సొంత విషయం మాత్రమే అనుకోవడానికి వీల్లేదు.

అయితే పట్టుదల అంటే ఏమిటి? ఒకే రకం దరఖాస్తు వందచోట్లకి పంపి ఎదురుచూడటమా? అది ఓపిక అవుతుంది. ప్రతిసారీ ఎందుకు లేదన్నారో తెలుసుకుని, తర్వాతి ప్రయత్నం కొంచెం మార్చి చేయడాన్ని నేను పట్టుదల అంటాను. దీనికి మన తెలుగింటి ఆవిడ జీవితమే ఒక ఉదాహరణ.

అయ్యలసోమయాజుల లలితగారి పేరు మీలో కొందరు విని ఉంటారు. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనో ఏట పెళ్ళయింది. పద్ధెనిమిదేళ్ళకే భర్త పోయాడు. చేతుల్లో పసిబిడ్డ. ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. అప్పటిదాకా మగపిల్లలే చదివిన ఆ కాలేజీలో ప్రత్యేకంగా అనుమతి సంపాదించి ఆమె ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. 1943లో పట్టా తీసుకున్నారు. పట్టా కాగితం మీద ముందే 'అతను' అని అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి చేత్తో 'ఆమె' అని రాసి ఇవ్వాల్సివచ్చింది. ఆడవాళ్ళ కోసం అచ్చువేసిన కాగితమే లేదన్నమాట.

ఆమె ఉద్యోగం ఎలా వెతుక్కున్నారన్నది మనకి ముఖ్యం. వితంతువు ఒంటరిగా పరాయి ఊళ్ళో ఉండటం కుదరని రోజులు. పనికి వెళ్ళినప్పుడు బిడ్డని చూసేవాళ్ళు కావాలి. మొదట సిమ్లాలోని సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో చేరారు. ఆ ఊళ్ళో తోడబుట్టినవాడి కుటుంబం ఉంది. తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. అక్కడా మరో సోదరుడి ఇల్లు ఉంది. భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ పనుల్లో ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సమావేశానికి హాజరయ్యారు. ఏ ఉద్యోగం ఉంది అన్న ప్రశ్నతో పాటు, ఏ ఊళ్ళో నా బిడ్డని చూసే మనిషి ఉంది అన్న ప్రశ్నని కూడా పక్కన పెట్టుకుని ఆమె వెతుక్కున్నారు. తన పరిస్థితిని దాచిపెట్టి వెతకలేదు, దాన్నే లెక్కలోకి తీసుకుని వెతికారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఆమెకి ప్రొఫెసరు తండ్రి ఉన్నాడు. చదువుకున్న అన్నదమ్ములున్నారు. మన పిల్లల్లో ఎక్కువమందికి తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి కూలికి వెళ్తుంది. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆ పిల్లే. లలితగారికి కుటుంబం ఏ ఆసరా ఇచ్చిందో, ఆ ఆసరా వీళ్ళకి ఎవరివ్వాలి? మనమే ఇవ్వాలి. ఈ ప్రశ్న దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తాను.

ఇంకో సంఘటన మీ అందరికీ తెలిసిందే. 1974లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పీజీ చదువుతున్న సుధా కులకర్ణి, అంటే ఇప్పటి సుధామూర్తి, నోటీసు బోర్డు మీద టెల్కో కంపెనీ ప్రకటన చూశారు. కింద 'మహిళలు దరఖాస్తు చేయనక్కర్లేదు' అని ఉంది. కోపం వచ్చి జె.ఆర్.డి. టాటాకి పోస్టుకార్డు రాశారు. పూనాలో ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఈ కథ అమ్మాయిలకి చెప్పండి, మంచిదే. సామాన్లు తీసుకునే గుమాస్తా నుంచి ఛైర్మన్ దాకా ఎవరికైనా ఉత్తరం రాయవచ్చని తెలుస్తుంది. కానీ కథని అక్కడితో ఆపకండి. ఆ పోస్టుకార్డు ఒక పెద్దమనిషి చదివాడు కాబట్టి ఒక తలుపు తెరుచుకుంది. చదవకపోతే? అందుకే పోస్టుకార్డు తర్వాత చట్టం కావాలి. ఆ తర్వాత రెండేళ్ళకి, 1976లో, సమాన వేతన చట్టం వచ్చింది. నియామకాల్లో ఆడవాళ్ళ పట్ల వివక్ష చూపకూడదని అందులో ఉండేది. 2019లో పార్లమెంటు చేసిన వేతనాల కోడ్‌లోనూ నియామకాల్లో లింగవివక్ష పనికిరాదని రాశారు.

మన రాష్ట్రంలోనే ఇంకో పోరాటం జరిగింది. 1984లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన సర్వీసు నిబంధనల్లో 22-ఎ చేర్చి, ప్రభుత్వోద్యోగాల నియామకాల్లో స్త్రీలకి కనీసం 30 శాతం దక్కాలని చెప్పింది. ఇది చెల్లదని కోర్టుకెక్కారు. 1995లో సుప్రీంకోర్టు చెల్లుతుందని తీర్పు చెప్పింది. స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని చెప్పే రాజ్యాంగం 15(3) అధికరణ ఉద్యోగాలకి కూడా వర్తిస్తుందని ఆ తీర్పు సారాంశం. ఆ వాటా తర్వాత మూడోవంతుకి పెరిగింది. ఈ రోజు గ్రూప్ పరీక్ష రాసే ప్రతి అమ్మాయికీ ఈ సంగతి తెలియాలి.

ఇప్పుడు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 1987లో ఒక జిల్లా కేంద్రంలో బీకాం పూర్తిచేశాను. ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజిలో పేరు నమోదు చేయించుకుని, ఆ కార్డుని అట్టలో పెట్టి దాచుకున్నాను. పోస్టల్ ఆర్డర్లు కొనడం, ధృవీకరణ సంతకం కోసం గెజిటెడ్ ఆఫీసరు ఇంటి అరుగు మీద కూర్చోవడం, పోస్టుమాన్ కోసం ఎదురుచూడటం - ఇవే నా పనులు. ఒక చిట్‌ఫండ్ కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్తే లెక్కల గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు. 'పెళ్ళయితే మానేస్తావుగా' అని అడిగి పంపించేశారు. ఇంట్లో నాన్న ఏడాది గడువు పెట్టారు.

టైపు లోయరు, హయ్యరు పాసయ్యాను. ఆ సంగతి అందరు అమ్మాయిల్లాగే దరఖాస్తులో రాసేదాన్ని. ఎక్కడ టైపు పని ఎక్కువగా ఉందో చూద్దామని ఒకరోజు తోచింది. కలెక్టరాఫీసు ముందు చెట్ల కింద అర్జీలు టైపు చేయించుకునేవాళ్ళు వరసగా నిలబడి ఉండేవారు. సోమవారం మరీ రద్దీ. అక్కడ మిషన్ల ముందు కూర్చున్నవాళ్ళంతా మగవాళ్ళే. చెట్టు కింద కూర్చోవడానికి ఇంట్లో ఒప్పుకోరని నాకు తెలుసు. నేను నేర్చుకున్న టైపు ఇన్‌స్టిట్యూట్ ఆ రోడ్డులోనే ఉంది. మధ్యాహ్నం పూట అక్కడ మిషన్లు ఊరికే ఉండేవి. గంటల లెక్కన అద్దె ఇస్తాను, నన్ను అర్జీలు కొట్టుకోనివ్వండి అని యజమానిని అడిగాను. ఆయన భార్య మధ్యాహ్నాలు అక్కడే కూర్చుంటుందని చెప్పడంతో అమ్మ ఒప్పుకుంది. వృద్ధాప్య పింఛన్లు, పట్టాలు, నీళ్ళ తగాదాలు, భర్త వదిలేసిన ఆడవాళ్ళ మనోవర్తి అర్జీలు - ఎనిమిది నెలలు ఇవే టైపు చేశాను. ఏ ఆఫీసులో ఏ పని జరుగుతుందో తెలిసింది. తప్పుల్లేని కాగితం చూసి ఒక వకీలు గుమాస్తా నన్ను తన వకీలు దగ్గరకి తీసుకెళ్ళాడు. అదే నా మొదటి ఉద్యోగం. ఆ అనుభవం చూపించి తర్వాత ఒక సహకార సంస్థలో గుమాస్తాగా చేరాను.

ఏడాది గడువు దాటాక నాన్నతో ఒకే మాట అన్నాను: 'నా ఖర్చు నేను పెట్టుకుంటున్నాను నాన్నా, మిమ్మల్ని డబ్బు అడగటంలేదు, కాలం అడుగుతున్నాను.' ఆ మాటకి ఆయన ఇంకో ఏడాది ఇచ్చారు. ఆ రెండో ఏడాది లేకపోతే ఈ రోజు మీ ముందు నిలబడి ఉండేదాన్ని కాను.

ఈ పాతికేళ్ళుగా మా సంఘం దగ్గరికి వచ్చే అమ్మాయిలకి నేను ఒక నోటుపుస్తకం కొనుక్కోమని చెబుతున్నాను. అందులో అయిదు గడులు: ఏ తేదీన వెళ్ళాను, ఎక్కడికి, ఎవర్ని కలిశాను, ఏమన్నారు, తర్వాత ఏం చేయాలి. నెలరోజులు రాశాక కూర్చుని చదివితే, లేదన్న జవాబులన్నీ మూడు రకాలుగా కనిపిస్తాయి. 'ఖాళీ లేదు', 'అనుభవం లేదు', 'ఆడపిల్లవి కదా'. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు.

'ఖాళీ లేదు' అన్నచోట వెంటనే వెనుదిరగకూడదు. మూడు ప్రశ్నలు అడిగి రావాలి. ఖాళీ ఎప్పుడు రావచ్చు? మీకు పని ఎక్కువగా ఉండే రోజులేవి, వేళలేవి? ఇలాంటి పని ఇంకెవరి దగ్గర ఉంది? మా ప్రాంతంలో బీఎస్సీ చదివిన ఒక అమ్మాయి పట్నంలోని రక్తపరీక్షల ల్యాబులన్నీ తిరిగింది. పదింటికి వెళ్తే అందరూ లేదన్నారు. రెండో ప్రశ్న అడగడం మొదలుపెట్టాక తెలిసింది: పరగడుపున రక్తం ఇచ్చేవాళ్ళంతా ఏడింటికే వస్తారు, తొమ్మిదిదాకా పేర్లు రాసుకునే మనిషి చాలరు. 'ఆ రెండు గంటలే వస్తాను, పేర్లు రాసుకుని రశీదులిస్తాను' అంది. మూడు నెలలకి పూర్తి జీతం మీద తీసుకున్నారు. ఆ ల్యాబు యజమానికి అప్పటిదాకా అలాంటి ఉద్యోగం ఒకటి తన దగ్గర ఉందని తెలియదు.

'అనుభవం లేదు' అన్నచోట చిన్న పని ముక్క అడగాలి. ఎం.ఏ. తెలుగు చదివిన ఇంకో అమ్మాయిని ఒక ప్రెస్సు యజమాని అనుభవం లేదని పంపించేశాడు. మాఘమాసం వచ్చింది. ప్రెస్సుల్లో శుభలేఖల రద్దీ. తప్పులు పడితే కార్డులన్నీ మళ్ళీ అచ్చువేయాలి, పెళ్ళివారితో గొడవ. ఆ అమ్మాయి మళ్ళీ వెళ్ళి 'ఈ వారం శుభలేఖల ప్రూఫులు ఇంటికివ్వండి, పొద్దున్నే దిద్ది తెస్తాను, తప్పు దొర్లితే డబ్బివ్వకండి' అంది. ముహూర్తాలు అయిపోయేసరికి ఆమె లేకుండా ఆ ప్రెస్సుకి గడవని పరిస్థితి వచ్చింది. అయితే ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ఊరికే పనిచేసిపెట్టడానికి ఒప్పుకోవద్దు. ఒక వారం చూపించడం వేరు, 'నేర్చుకుంటున్నావు కదా' అని ఆరునెలలు జీతం లేకుండా చేయించుకోవడం వేరు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద శిక్షణ పొందేవాళ్ళకి స్టైపెండు ఇవ్వాలి. డిగ్రీ చదివినవాళ్ళకి కూడా ఆ అవకాశం ఉంది. ముందు అది అడిగి చూడండి.

'ఆడపిల్లవి కదా' అన్న జవాబు రకరకాల వేషాల్లో వస్తుంది. 'రాత్రిళ్ళు ఉండాలమ్మా', 'తిరుగుడు ఉద్యోగం', 'పెళ్ళెప్పుడు?' పెళ్ళి ప్రశ్నకి మా అమ్మాయిలు ఒక జవాబు ముందే తయారుచేసుకుని వెళ్తారు. 'సార్, ఎంతకాలం ఉంటానన్నది మీ సందేహమైతే, ఈ పోస్టులో మీ దగ్గర ఇదివరకు మగవాళ్ళు ఎంతకాలం ఉన్నారో చెప్పండి, నేనూ అంతకాలం ఉంటాను.' మర్యాదగా, నవ్వుతూ అంటారు. కొన్నిచోట్ల పనిచేసింది, కొన్నిచోట్ల పనిచేయలేదు. మొహం మీద 'ఆడవాళ్ళని తీసుకోం' అంటే మాత్రం ఆ మాట, తేదీ, అన్న మనిషి హోదా పుస్తకంలో రాసుకుని మా దగ్గరికి రమ్మంటాం. అక్కడితో అది ఆమె ఒక్కదాని పని కాదు, సంఘం పని.

రాతపూర్వకంగా అడిగే ప్రశ్నలనీ గమనించాలి. 1989లో జీవిత బీమా సంస్థలో చేరిన నీరా మాథుర్‌ని ప్రొబేషన్‌లో ఉండగానే తీసేశారు. చేరేటప్పుడు నింపే పత్రంలో నెలసరి గురించి, గర్భం గురించి అడిగినవాటికి ఆమె సరైన వివరాలు ఇవ్వలేదన్నది కారణం. 1991లో సుప్రీంకోర్టు ఆమెని మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోమంది. అలాంటి ప్రశ్నలు స్త్రీల మర్యాదని కించపరిచేవని, వాటిని ఆ పత్రంలోంచి తీసేయమని కూడా చెప్పింది. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పి తీరాలన్న భయం ఉన్న అమ్మాయిలకి ఈ తీర్పు గురించి తప్పకుండా చెప్పండి.

నాలుగో రకం కూడా ఉంది. అది నోటుపుస్తకంలో సులువుగా దొరకదు. 'ఇంటిపేరేమిటమ్మా?', 'ఊళ్ళో ఏ వైపు ఉంటారు?' అని అడుగుతారు. కాలనీ పేరు చెప్పగానే 'కబురు చేస్తాం' అంటారు. కబురు రాదు. దళిత అమ్మాయిల పుస్తకాల్లో ఈ 'కబురు చేస్తాం' అన్న మాట ఎన్నిసార్లు ఉందో చూస్తే బాధ కలుగుతుంది. ఆ పిల్లలకి 'ఇంకా గట్టిగా ప్రయత్నించు' అని చెప్పడం అన్యాయం. అక్కడ లోపం ఆమె ప్రయత్నంలో లేదు. ప్రైవేటు ఉద్యోగాల్లో ఈ వివక్షని పట్టుకోవడానికి మన దగ్గర గట్టి పనిముట్లు లేవన్నది నిజం. అందుకే ప్రభుత్వ ఆఫీసుల్లో, విశ్వవిద్యాలయాల్లో ఉన్న ఖాళీల మీద పట్టుపట్టాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఒక అర్జీ పెడితే, ఆ ఆఫీసులో మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, అందులో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళల వాటా ఎంత అని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఉద్యోగం వెతుక్కునే అమ్మాయిలు తలా ఒక ఆఫీసు పంచుకుని అర్జీలు పెడితే జిల్లా మొత్తం ఖాళీల లెక్క మన చేతికి వస్తుంది. ఇదీ వెతుకులాటే.

ఇక జాగ్రత్తలు. ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బడిగేవాళ్ళని నమ్మవద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి తెచ్చుకోవాలి, ఎవరి దగ్గరా వదిలిరాకూడదు. ఫీజు బకాయి ఉందని, రీయింబర్స్‌మెంటు రాలేదని కాలేజీలే సర్టిఫికెట్లు అట్టేపెట్టుకోవడం మన దగ్గర మామూలైపోయింది. ఒరిజినల్స్ అట్టేపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఆ కాగితం తీసుకుని నలుగురు కలిసి వెళ్ళి అడగాలి. లాడ్జి గదిలో ఇంటర్వ్యూ అంటే వెళ్ళవద్దు. ఇంటర్వ్యూలో ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే, ఇంకా ఉద్యోగంలో చేరలేదు కదా, ఎవరికి చెప్పుకోవాలి అని అమ్మాయిలు అనుకుంటారు. 2013లో వచ్చిన పనిస్థలంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఉద్యోగంలో ఉన్నవాళ్ళకే కాదు, ఆ పనిస్థలానికి వచ్చిన ఏ స్త్రీకైనా రక్షణ ఇస్తుంది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువైతే జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

ఇప్పుడు మన వంతు సంగతి. లలితగారికి తండ్రి, అన్నదమ్ములు ఇచ్చిన ఆసరాని మన సంఘాలు ఎలా ఇవ్వగలవు? నాకు తోచినవి నాలుగు.

మొదటిది, ఒక చోటు. మన ఆఫీసులో వారానికి రెండు పూటలు ఒక గది, పేపర్లు, ఒక కంప్యూటరు. అయిదారుగురు అమ్మాయిలు కూర్చుని తమ నోటుపుస్తకాలు ఒకరిది ఒకరు చదువుకోవాలి. ఒకరికి లేదన్నచోటు ఇంకొకరికి పనికిరావచ్చు. ఒంటరిగా ఇంట్లో కూర్చుంటే ప్రతి తిరస్కారమూ తన చేతకానితనంగా కనిపిస్తుంది. పదిమంది పుస్తకాలు చూస్తే ఆ భ్రమ పోతుంది.

రెండోది, తోడు. ఇంటర్వ్యూలకి ఇద్దరు కలిసి వెళ్ళేలా చూడాలి. ప్రయాణ ఖర్చు ఇదివరకు పెద్ద అడ్డంకి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకి ఉచిత ప్రయాణం వచ్చింది. దాన్ని గుడికి, పుట్టింటికి వెళ్ళడానికి వాడుకుంటున్నాం, మంచిదే. జిల్లా కేంద్రంలో ఉద్యోగం వెతుక్కోవడానికి కూడా వాడుకోమని పిల్లలకి చెప్పాలి.

మూడోది, డబ్బు. మన పొదుపు సంఘాలు గేదెకి అప్పిస్తాయి, పెళ్ళికి అప్పిస్తాయి, కొడుకు కోచింగుకి కూడా ఇస్తాయి. కూతురు ఉద్యోగం వెతుక్కోవడానికి అప్పు అడిగిన తల్లిని నేను ఇంతవరకు చూడలేదు. పరీక్ష ఫీజులకి, నెలరోజుల హాస్టలుకి పెద్ద మొత్తం అక్కర్లేదు. ఏ సంఘమైనా ఈ పేరు మీద ఒక పద్దు తెరిస్తే, ఆ పద్దు పుస్తకంలో ఉండటమే తల్లులకి ధైర్యం ఇస్తుంది.

నాలుగోది అన్నిటికన్నా కష్టం. కాలం. తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడాలి. 'అబ్బాయికి మూడేళ్ళిచ్చారు కదా, అమ్మాయికి రెండేళ్ళివ్వండి' అని అడగాలి. మూడేళ్ళే అడగాల్సింది కానీ, బేరం మొదలుపెట్టడానికి రెండంటున్నాను. ఆ రెండేళ్ళూ పగటిపూట నాలుగు గంటలు ఆమెని ఇంటిపనికి పిలవకూడదని కూడా అడగాలి. బాల్యవివాహాలు ఆపడానికి మనం ఇళ్ళకి వెళ్తున్నాం. ఇరవయ్యొక్కేళ్ళ పిల్ల వెతుకులాటని ఆపే పెళ్ళిచూపుల గురించి మాట్లాడటానికి మాత్రం మొహమాటపడుతున్నాం. ఆమెకి పెళ్ళి వయసు వచ్చింది కదా అని ఊరుకుంటున్నాం.

ఒక్క హెచ్చరికతో ముగిస్తాను. పట్టుదల గురించి ఇంతసేపు మాట్లాడాను కాబట్టి, ఉద్యోగం రాని అమ్మాయికి పట్టుదల లేదని ఎవరూ అనుకోకూడదు. ఉద్యోగాలే తక్కువ ఉన్నప్పుడు పదిమంది పట్టుదలగా వెతికినా కొందరికి రాదు. ఇద్దరు చేయాల్సిన పనిని ఒకరితో చేయించుకునే ప్రైవేటు స్కూళ్ళు, ఏళ్ళతరబడి భర్తీ కాని పోస్టులు, చదివిన చదువుకి సరిపడని జీతాలు - వీటిమీద మన పోరాటం ఎప్పటిలాగే సాగాలి. ఆ పోరాటం సాగుతున్నంతకాలం ఈ పిల్లలు ఇంట్లో కూర్చోకుండా, లెక్కలోంచి జారిపోకుండా నిలబడి ఉండాలి. అందుకే ఈ ఉపాయాలు.

ఇక్కణ్ణుంచి వెళ్ళాక ప్రతి ఒక్కరూ మీ ఊళ్ళో గత మూడేళ్ళలో డిగ్రీ పూర్తిచేసిన ఆడపిల్లల పేర్లు రాయండి. ఒక్కొక్కరి ఎదురుగా ఇప్పుడేం చేస్తోందో రాయండి. వెతకడం ఆపేసినవాళ్ళుంటే ఎప్పుడు ఆపేసింది, ఎవరు ఆపమన్నారు అని కూడా అడిగి రాయండి. వచ్చే సమావేశానికి ఆ కాగితాలు తీసుకురండి. అక్కణ్ణుంచి పని మొదలుపెడదాం.